బాత్రూమ్ డార్క్‌రూమ్ డైరీ: ఏ మురికి ఎక్కడిది

ఫిబ్రవరి చివరి వారం

కోఠి వైపు పాత కెమెరా సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర ఒక అట్టపెట్టె మొత్తం లాట్‌గా తీసుకున్నా. అందులో వెలుతురు దూరకుండా ఫిల్మ్ కడిగే ప్యాటర్సన్ ట్యాంకు (రెండు రీళ్ళు పడతాయి), దాని తెల్ల ప్లాస్టిక్ రీళ్ళు, అంటే ఫిల్మ్ చుట్టే చట్రాలు, ఒక స్టీల్ ట్యాంకు, దానికి తీగ రీళ్ళు, కొలత గ్లాసులు, థర్మామీటరు, గోధుమరంగు సీసాలు, ఫిల్మ్ ఆరేసే క్లిప్పులు, అడుగున ఊటీ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు పేపర్ ఖాళీ కవరొకటి. ఏదో స్టూడియో మూతపడ్డాక అటకెక్కిన సరుకు అని చూడగానే తెలిసిపోతుంది. బేరం కూడా పెద్దగా ఆడాల్సిన పని పడలేదు, ఆ మురికి చూసి ఇంకెవరూ ముట్టుకోలేదంట.

ప్లాన్ ఏంటంటే, మా ఫ్లాట్‌లో ఎవరూ వాడని చిన్న బాత్రూమ్ ఒకటి ఉంది, వెంటిలేటర్‌కి నల్ల రెక్సిన్ కొట్టి తలుపు కింద గుడ్డ కుక్కితే చీకటి సరిపోతుంది, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు అక్కడే కడుక్కోవాలి. కానీ మంచి ఫిల్మ్ ఒక్కటైనా ఈ సామాన్లలోకి వెళ్ళే ముందు ఇవన్నీ శుభ్రం అవ్వాలి, అయ్యాక మళ్ళీ ఇదే గతి పట్టకుండా ఒక పద్ధతి కుదరాలి. ఈ డైరీ ఆ రెండు పనుల గురించే. డెవలప్ టైములు, ఏ ఫిల్మ్ గొప్పది లాంటి గొడవ ఇందులో ఉండదు.

దేంతో కడగాలి అన్నది పక్కన పెట్టి ముందు ఏం పట్టిందో చూసుకున్నా. రీళ్ళ గాళ్ళలో పసుపుపచ్చని బంక. ట్యాంకు లోపల అంతా టీ రంగు మరక. మూత అంచు కింద, మధ్య గొట్టం మీద తెల్లటి పొడి, గోకితే రాలుతుంది. ఒక గ్లాసు అడుగున నల్లటి పొర, అద్దానికి వెనక వేసే పూతలాగా అక్కడక్కడ మెరుస్తోంది కూడా. గ్లాసులన్నిటి మీదా నీళ్ళ గార వలయాలు. సీసాల మూతి మరల్లో గోధుమరంగు గడ్డలు. క్లిప్పులకి తుప్పు. ఇవన్నీ ఒకటే మురికి కాదు, ఒకదానికి పనిచేసిన మందు ఇంకోదాన్ని కదిలించదు, పైగా కొన్నిసార్లు మరీ గట్టిపరుస్తుంది. అన్నిటికీ కలిపి ఒకే గిన్నెల సబ్బు, ఒకే పీచు పెట్టి రుద్దేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారని నా అభిప్రాయం.

ఇంకోటి కూడా అప్పుడే తేల్చుకున్నా. తెల్ల నూలు గుడ్డ తడిపి గట్టిగా తుడవాలి, గుడ్డకి ఏదన్నా అంటితే అది మురికి, ఏమీ అంటకపోతే అది రంగు మాత్రమే. ట్యాంకు లోపలి టీ రంగు గుడ్డకి అస్సలు అంటలేదు. డెవలపర్‌లో, అంటే ఫిల్మ్ మీద బొమ్మని పైకి తెచ్చే ద్రావణంలో, ఉండే మెటాల్, హైడ్రోక్వినోన్ అనే రసాయనాలు గాలి తగిలి మారిపోతే వచ్చే రంగు అది, ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోయింది, దాని వల్ల ఫిల్ముకి నష్టం లేదు. దాన్ని తెల్లగా చెయ్యాలని గిన్నెలు తోమే పౌడర్‌తో రుద్దితే ప్లాస్టిక్ మీద సన్నగీతలు పడతాయి, రేపు అసలు మురికి ఆ గీతల్లోనే కాపురం పెడుతుంది. కాబట్టి ట్యాంకు రంగుని అలాగే వదిలేశా, చూడ్డానికి బాలేదు నిజమే, చీకట్లో ఎవరు చూస్తారు.

మార్చి మొదటి ఆదివారం, రీళ్ళు

ఎక్కువ టైమ్ తిన్నవి ఇవే. ప్లాస్టిక్ రీలుని మామూలు హద్దు దాటి గట్టిగా తిప్పితే రెండు సగాలూ విడిపోతాయి, అలా విడదీసి చూస్తే గాళ్ళ లోపల బంక స్పష్టంగా కనబడింది. ఇది చివర్లో వాడే వెట్టింగ్ ఏజెంట్ పని, అంటే ఫోటో ఫ్లో లాంటిది. నీళ్ళు చుక్కలు కట్టకుండా జారిపోవడానికి వేస్తారు కదా, చాలామంది ఫిల్మ్ రీలు మీద ఉండగానే ట్యాంకులో పోసేస్తారు, ఆ జిడ్డు ఫిల్మ్ నుంచి వచ్చే జిలాటిన్‌తో కలిసి గాళ్ళలో ఎండుతుంది, మళ్ళీ దాని మీద ఇంకో పొర. కొన్నాళ్ళకి ఫిల్మ్ ఎక్కిస్తుంటే సగంలో బిగుసుకుపోతుంది, చీకట్లో చెమటలు పడుతూ లాగితే అంచు నలుగుతుంది, అప్పుడు జనం రీలుని తిడతారు.

ఇంకో గుర్తు, డెవలపర్ పోసి ఊపి ట్యాంకు పైనున్న మెత్తటి మూత ఒక్కటే తీసి చూస్తే పైన నురగ తేలుతుంటే పోయినసారి వెట్టింగ్ ఏజెంట్ ఇంకా లోపలే ఉందని అర్థం. ఆ నురగ తగిలిన చోట డెవలపర్ సరిగ్గా అందదు, బుడగ అంటుకున్న చోట నెగటివ్ మీద గుండ్రటి పల్చని చుక్క పడుతుంది, ప్రింటులో అదే నల్లచుక్క.

మందు చాలా చవక. చాకలి సోడా, వంట సోడా కాదు, బట్టలకి వాడేది. లీటరు వేడినీళ్ళకి రెండు చెంచాలు వేసి రీళ్ళు విడదీసి నానబెట్టడమే. నీళ్ళు చెయ్యి పట్టేంత వేడి చాలు, మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంకర పోయే ప్రమాదం ఉంది, వంకర పోయిన రీలు ఇక చెత్తబుట్టకే. గంట నానాక మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్కో గాడి వెంట తిప్పుతూ పోవాలి, పీచు వద్దు. బంక మెత్తబడి పాయలు పాయలుగా వచ్చింది. ఫిల్మ్ లోపలికి దూరే చోట రెండు వైపులా చిన్న గుంటల్లో స్టీల్ గోళీలు ఉంటాయి, ఫిల్ముని పట్టుకుని ముందుకి నడిపేవి అవే. రీలుని చెవి దగ్గర పెట్టి వంచితే టిక్ టిక్ మని కదలాలి. ఒక రీలులో శబ్దమే లేదు, గోళీ బంకలో కూరుకుపోయింది, సోడానీళ్ళలో రాత్రంతా ఉంచితేగానీ వదల్లేదు.

రీళ్ళ గాళ్ళకి పెన్సిల్ ముల్లు రుద్దితే ఫిల్మ్ నున్నగా జారుతుందని ఒక చిట్కా తిరుగుతుంటుంది. జారుతుంది, అబద్ధం కాదు. కానీ ఆ నల్లపొడి ఎక్కడికి పోతుంది, ఫిల్మ్ మీదకే కదా. గాడి శుభ్రంగా ఉండి, పూర్తిగా పొడిగా ఉండి, ఫిల్మ్ మొదలు రెండు మూలలూ కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే పెన్సిల్ అవసరమే రాదు. పొడి అంటే ఎముక పొడి అవ్వాలి, పైకి ఆరినట్టు కనబడినా గోళీ గుంటలో చుక్క నీరు ఉంటే ఫిల్మ్ అక్కడే అతుక్కుంటుంది. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి ఆ గుంటలోకి కొడుతున్నా ఇప్పుడు.

ఇకనుంచి రూలు: వెట్టింగ్ ఏజెంట్ ట్యాంకులోకి రాదు. ఫిల్మ్ కడగడం అయ్యాక రీలు నుంచి విప్పి విడిగా ఒక స్టీల్ గిన్నెలో ముంచి తియ్యడమే, ఆ గిన్నె మీద మార్కర్‌తో రాసి పెట్టా. కలిపే కొలత కూడా లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, అంటే 1:200. కాస్త ఎక్కువ వేస్తే బాగా పనిచేస్తుందనుకుంటే తిరగబడుతుంది, ఫిల్మ్ మీద జిడ్డు చారలు మిగులుతాయి.

మార్చి రెండో వారం, గ్లాసులు

గార వలయాలకి నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే, గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు కలిపి గ్లాసు నింపి వదిలేస్తే అరగంటలో వదిలింది. అమ్మ చింతపండు రుద్దమంది, పని చేస్తుంది కానీ పిప్పి అంకెల గీతల్లో ఇరుక్కుంటుంది, అదీ కాక దేవుడి ఇత్తడి సామాన్లతో పాటు వీటిని తోమే ఆలోచన ఆవిడకి ఉందేమోనని నాకు అనుమానం వచ్చి వెంటనే తీసుకొచ్చేశా.

ఆ నల్లటి మెరిసే పొరకి మాత్రం నిమ్మ ఉప్పూ లేదు, సోడా లేదు, ఏదీ కదల్చలేదు. అది వెండి. వాడేసిన డెవలపర్, ఫిక్సర్ (బొమ్మ వచ్చాక ఫిల్మ్‌లో మిగిలిన వెండి ఉప్పుని కరిగించేసే ద్రావణం) చాలాకాలం ఒకే పాత్రలో పోస్తూ ఉంటే గాజు మీద, ప్లాస్టిక్ మీద వెండి కూర్చుంటుంది. పాత పుస్తకాల్లో దీనికి పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపిన ట్రే క్లీనర్ చెప్తారు, అద్భుతంగా పని చేస్తుంది, కానీ అందులో క్రోమియం క్యాన్సర్ కారకం, పారబోసే దారి కూడా ఇంట్లో లేదు, ఫ్యామిలీ ఉండే ఫ్లాట్‌లోకి అది తెచ్చే ప్రసక్తే లేదని మొదటే తీసి పక్కన పెట్టా.

దాని బదులు ఫార్మర్ రెడ్యూసర్. 1883లో హోవర్డ్ ఫార్మర్ చెప్పిన పద్ధతి, అసలు మరీ నల్లగా వచ్చిన నెగటివ్‌లని పల్చన చెయ్యడానికి. పొటాషియం ఫెర్రిసయనైడ్ ఎర్రటి స్ఫటికాలు, హైపో (ఫిక్సర్‌లో ఉండే ఉప్పు), రెండూ విడివిడిగా నీళ్ళలో కరిగించి వాడే ముందు కలపాలి. ఫెర్రిసయనైడ్ వెండిని ఇంకో రూపంలోకి మారుస్తుంది, దాన్ని హైపో కరిగించుకుపోతుంది. కలిపిన కాసేపటికే దాని శక్తి అయిపోతుంది కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోవాలి. గ్లాసులో పోసి తిప్పుతుంటే నల్లపొర అంచుల నుంచి కరుగుతూ పోయింది, భలే సరదాగా ఉంది చూడ్డానికి. తర్వాత చాలా నీళ్ళతో జాడించా.

పేరులో సయనైడ్ ఉందని కంగారు పడేవాళ్ళకి, మామూలుగా వాడితే భయం లేదు, కానీ ఘాటైన ఆసిడ్ దాని దగ్గరకి రాకూడదు, వేడి అసలే తగలకూడదు, విషవాయువు వచ్చే అవకాశం ఉంటుంది. మన బాత్రూముల్లో అసలు సమస్య ఇదే. మూల మీద టాయిలెట్ క్లీనర్ ఉంటుంది, అందులో హైడ్రోక్లోరిక్ ఆసిడ్. దాని పక్కన బ్లీచింగ్ పౌడర్ డబ్బా. ఆసిడ్‌కి హైపో తగిలితే నీళ్ళు పాలలా విరిగి గంధకం తేలుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు ముక్కుకి ఎక్కుతుంది, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేసిన ప్రయోగమే ఇది. బ్లీచింగ్‌కి ఆసిడ్ తగిలితే క్లోరిన్. మన స్టాప్ బాత్, అంటే డెవలపర్ పనిని ఆపే ద్రావణం, ఆసిడే, ఫిక్సర్ కూడా చాలావరకు ఆసిడే. అందుకని ఆ రెండు డబ్బాలనీ ఆ బాత్రూమ్ నుంచి పూర్తిగా బయటికి పంపించా, పనిమనిషికి కూడా చెప్పా, ఇది మాత్రం ఉత్తి నీళ్ళతోనే కడగాలమ్మా అని. ఈ డైరీలో ఒక్కటే ముక్క గుర్తుపెట్టుకుంటా అనేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

మార్చి చివర, ఉగాది సెలవు

తెల్లపొడి సంగతి. అది ఎండిన ఫిక్సర్, అంటే హైపో ఉప్పు. నీళ్ళకే కరిగిపోతుంది కాబట్టి అందరూ దాన్ని తేలిగ్గా తీసుకుంటారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే పెద్ద శత్రువు అనిపిస్తోంది. కొద్దిగా ఫిక్సర్ డెవలపర్‌లో పడినా నెగటివ్ మీద మబ్బు పడుతుంది, ఒక వైపు నుంచి చూస్తే ఒక రంగు, వెలుతురుకి పెట్టి చూస్తే ఇంకో రంగు, డైక్రోయిక్ ఫాగ్ అంటారు. అదే డెవలపర్ కాస్త ఫిక్సర్‌లోకి వెళ్తే ఫిక్సర్ త్వరగా ముసలిది అవుతుందంతే, ఫిల్మ్ పోదు. కాబట్టి పని ఎప్పుడూ డెవలపర్ నుంచి ఫిక్సర్ వైపే నడవాలి, వెనక్కి రాకూడదు.

ఎంత జాడిస్తే సరిపోతుందో ఊహతో చెప్పడం ఇష్టం లేక ఒక పరీక్ష పెట్టుకున్నా. మెడికల్ షాపులో పొటాషియం పర్మాంగనేట్ తెచ్చి రెండు మూడు పలుకులు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే ముదురు గులాబీ నీళ్ళు. రెండు గాజు గ్లాసులు, ఒకదానిలో మంచినీళ్ళు, ఇంకోదానిలో ట్యాంకు జాడించిన నీళ్ళు, రెండిట్లోనూ సమానంగా చుక్కలు వెయ్యాలి. జాడించిన నీళ్ళలో గులాబీ రంగు వెలిసిపోతే హైపో ఇంకా ఉన్నట్టు, రెండూ ఒకేలా ఉంటే పోయినట్టు. మంచినీళ్ళ గ్లాసు ఎందుకంటే నీళ్ళలో ఏదన్నా మకిలి ఉన్నా పర్మాంగనేట్ రంగు పోతుంది, పోల్చి చూసుకోకపోతే తప్పుడు లెక్క వస్తుంది. ఫిల్మ్ సరిగ్గా కడిగామా లేదా చూడ్డానికి పాతకాలం నుంచి వాడే పరీక్షే, నేను సామాన్లకి వాడానంతే.

ట్యాంకు బాడీ ఏ ఇబ్బందీ పెట్టలేదు, రెండోసారి నీళ్ళకే రంగు నిలబడింది. మధ్య గొట్టం కూడా పర్లేదు. మూత మాత్రం మొండిది. తలకిందులు చేసి ఊపినప్పుడల్లా ఫిక్సర్ గరాటు పక్కలకి, పైన మెత్తటి మూత అంచు కిందకి చేరుతుంది, ఆ సందుల్లో కూర్చుని బయటికి రాదు. విప్పగలిగినవన్నీ విప్పేసి బకెట్లో ముంచి నానబెట్టి, నీళ్ళు మార్చి మళ్ళీ ముంచితే తప్ప గులాబీ రంగు నిలవలేదు. కుళాయి కింద పట్టుకుని గబగబా తిప్పడం వల్ల లాభం లేదన్నమాట, ఆగి ఉన్న నీళ్ళలో నానితేనే ఉప్పు బయటికి వస్తుంది. ఇక స్పాంజి అయితే ఎన్ని నీళ్ళు మార్చినా రంగు మింగేస్తూనే ఉంది. లాట్‌లో వచ్చిన ఆ పాత స్పాంజిని, రబ్బరు పట్టకారుని రెండిటినీ పడేశా, ఫిల్మ్ మీద నీళ్ళు లాగడానికి అవి వాడితే ఒక్క ఇసుక రేణువు చాలు ఫిల్మ్ పొడవునా గీత పడడానికి. వేళ్ళతోనూ లాగను, ఊరికే వేలాడదీస్తా.

తెనాలిలో స్టూడియో నడిపిన మా బాబాయ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్తే నవ్వాడు. "ఏరా, పర్మాంగనేట్ పెట్టి మూతలు పరీక్షిస్తున్నావా, మా రోజుల్లో రీలు రెండు కొసలూ పట్టుకుని ట్రేలో అటూ ఇటూ లాగి కడిగేవాళ్ళం, మూత ఎక్కడిది" అన్నాడు. మరి మురికి సంగతేంటి బాబాయ్ అంటే, "ట్రేలు మారకూడదు అంతే. డెవలపర్ ట్రేలో పొరపాటున హైపో పోసినోడికి ఆ రోజు కూలి కట్. రాత్రి ఎంత లేటైనా తడి ఆరకముందే కడిగి బోర్లించాలి, పొద్దున కడుగుదాంలే అన్నోడు స్టూడియోలో మిగల్లేదు." ఇంకో మాట కూడా చెప్పాడు, వేలు పెట్టి రాస్తే జారుతూ ఉంటే డెవలపర్ ఇంకా ఉన్నట్టు, కిర్రుమంటే పోయినట్టు అని. డెవలపర్ క్షారం కాబట్టి సబ్బులా జారుతుంది, లాజిక్ కరెక్టే. ఆయన కాలంలో చేతులకి గ్లౌజులు లేవు, మెటాల్ చాలామందికి చర్మం మీద దురద, పగుళ్ళు తెస్తుంది, నేను మాత్రం నైట్రైల్ గ్లౌజులు వేసుకునే చేస్తున్నా.

బాబాయ్ మాట ప్రకారం సామాను విడగొట్టా. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు మూడు రంగులు తెచ్చి గ్లాసులకి, సీసాలకి, గరాటులకి చుట్టా, డెవలపర్‌కి పచ్చ, స్టాప్‌కి పసుపు, ఫిక్సర్‌కి ఎరుపు. ఎరుపు చుట్టినవి కింద అరలోనే ఉంటాయి, పై అరకి రావు, కారితే కిందకే కదా కారేది. అందరి చేతుల్లోకీ తిరిగేది థర్మామీటరు ఒక్కటే, దానికి పక్కనే నీళ్ళ చెంబు పెట్టా, దేంట్లో పెట్టినా తీసి అందులో ముంచి తుడిచాకే ఇంకోదాంట్లోకి.

ఏప్రిల్, నీళ్ళు

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు, చాలనప్పుడు ట్యాంకర్, అన్నీ కలిసి సంపులోకే. నీళ్ళలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటరు పెడితే వెయ్యికి అటూ ఇటూ. తాగేనీళ్ళకి మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2000 దాకా. తాగే సంగతి పక్కన పెడితే ఈ నీళ్ళు ఫిల్మ్ మీద ఆరితే ఉప్పు మచ్చ ఖాయం.

నెగటివ్ మీద మచ్చ కనబడితే అది ఎక్కడిదో ముందు చూడాలి, సామాన్లని ఊరికే అనుమానించకూడదు. ఫిల్ముని ఏటవాలుగా పట్టుకుని ట్యూబ్‌లైట్ దాని మీద మెరిసేలా తిప్పితే మెరుపు వైపు, అంటే ఎమల్షన్ (బొమ్మ ఉండే పూత) లేని వైపు, వలయంలా పొడి మచ్చ కనిపిస్తే అది నీళ్ళ మచ్చ, మళ్ళీ కడిగి ఆరేస్తే పోతుంది. నల్లటి చిన్న చుక్కలైతే డెవలపర్ పౌడర్ పూర్తిగా కరగలేదని. ఏమీ లేని తెల్లటి పోగులాంటి గీత, ఫిల్మ్ మీద అక్కడ అసలు బొమ్మే లేకపోతే, అది ఫోటో తీసేటప్పుడు కెమెరా లోపల ఉన్న దుమ్ము, దానికి ట్యాంకు ఏం చేస్తుంది పాపం.

చివరి జాడింపుకి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుంటున్నా, బ్యాటరీ షాపుల్లో 5 లీటర్ల క్యాన్ దొరుకుతుంది. కొనేటప్పుడు లేబుల్ చదవండి, అదే షాపులో అలాంటి క్యాన్‌లోనే బ్యాటరీ ఆసిడ్ కూడా అమ్ముతారు. ఇంటికొచ్చాక మీటరు పెట్టి సున్నాకి దగ్గరగా ఉందో లేదో చూసుకోవాలి. ఏసీ నుంచి కారే నీళ్ళు వాడొచ్చు కదా అని ఆఫీసులో ఒకరు అన్నారు, ఉప్పు తక్కువే ఉంటుంది కానీ అవి దుమ్ము పట్టిన కాయిల్ మీద నుంచి జారి వస్తాయి, మొక్కలకి పోసుకోవచ్చు. డెవలపర్ కలపడానికి ఆర్వో నీళ్ళు చాలు. మిగతా కడుగుళ్ళకి బోరు నీళ్ళే, అంత డబ్బు నా దగ్గర లేదు, అంత అవసరమూ లేదు. నెలకోసారి గ్లాసులకి, ట్యాంకుకి నిమ్మ ఉప్పు స్నానం, దానికి ముందు ఫిక్సర్ వాసన లేకుండా బాగా జాడించడం, గార మందంగా పేరుకోకుండా ఇది సరిపోతోంది.

సీసాల మూతి మరల్లో గడ్డలు కూడా ఈ నెలలోనే పోగొట్టా. అది ఎండిన డెవలపర్, మూత తిప్పినప్పుడల్లా పొడి లోపలికి రాలుతుంది, అదే వెళ్ళి ఫిల్ముకి అంటుతుంది. వేడినీళ్ళు, సీసా బ్రష్, పని అయిపోయింది. రెండు సీసాల మూతల్లో లైనింగ్ చివికిపోయింది, గాలి దూరితే డెవలపర్ పాడైపోతుంది కాబట్టి ఆ సీసాలు స్టాప్ బాత్‌కి ఇచ్చేశా. కూల్‌డ్రింక్ బాటిల్స్ వాడదామనిపిస్తుంది, గాలి బాగానే ఆపుతాయి, కానీ పిల్లలున్న ఇంట్లో తాగే బాటిల్ ఆకారంలో కెమికల్ ఉండడం నాకు నచ్చలేదు.

మే, ఎండలు

ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం గీజర్ వేసినట్టే వస్తున్నాయి. డెవలప్ చెయ్యాల్సింది 20 డిగ్రీల దగ్గర, అందుకే పొద్దున్నే పని పెట్టుకుని బకెట్లో ఐస్ వేసి అందులో సీసాలు నిలబెడుతున్నా. ఐస్ ముక్కలు ఎప్పుడూ కట్టిన కవర్లోనే ఉండాలి, విడిగా వేస్తే ఆ నీళ్ళు సీసా మూతి మీదకి, అక్కడి నుంచి లోపలికి.

ఎండాకాలం ఇంకో పాఠం, ఫిక్సర్ చుక్క గచ్చు మీద పడితే నిమిషాల్లో ఆరి తెల్లగా అయిపోతుంది. చలికాలంలో అయితే అది తడిగా ఉండగానే ఎప్పుడో తుడిచేస్తాం. ఆరిన దాని మీద నడిస్తే పొడి లేస్తుంది, అదే గదిలో తర్వాత తడి ఫిల్మ్ వేలాడుతుంది. అందుకని పని మధ్యలోనే తడిగుడ్డ చేతికి అందేలా పెట్టుకున్నా, చీపురు మాత్రం ఆ గదిలోకి రాదు, ఊడిస్తే దుమ్ము నేల మీద నుంచి గాల్లోకి మారుతుందంతే.

ఆరబెట్టడం కూడా అక్కడే. ముందు వేడినీళ్ళు వదిలి గది నిండా ఆవిరి పట్టించి కాసేపు ఆగితే గాల్లో దుమ్ము కిందకి దిగుతుంది, అప్పుడు ఫిల్మ్ దండేనికి తగిలించి తలుపేసి వచ్చేస్తా. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపెయ్యాలి, మా డక్ట్‌లో పావురాలు కాపురం ఉంటున్నాయి, ఇంక చెప్పక్కర్లేదు. తుప్పు క్లిప్పుల్ని రుద్దుతూ కూర్చోలేదు, తుప్పు పొలుసు ఒక్కటి తడి ఫిల్మ్ మీద రాలితే చాలు, స్టెయిన్‌లెస్ బట్టల క్లిప్పులు కొత్తవి కొన్నా.

వాడేసిన ఫిక్సర్ మాత్రం డ్రైన్‌లో పొయ్యట్లేదు. అందులో కరిగిన వెండి ఉంటుంది, మా అపార్ట్‌మెంట్‌లో మురుగునీళ్ళు శుద్ధి చేసే ఎస్టీపీ ఉంది, అందులో మురుగు తినే బ్యాక్టీరియాకి వెండి పడదు. ఎక్స్‌రే ఫిల్ముల కాలంలో ల్యాబ్‌ల నుంచి వాడేసిన ఫిక్సర్ కొనుక్కెళ్ళి వెండి తీసేవాళ్ళు ఉండేవాళ్ళు, ఇప్పుడు డిజిటల్ వచ్చాక వాళ్ళు తగ్గిపోయారు. ప్లాస్టిక్ క్యాన్‌లో పోసి స్టీల్ ఊలు వేసి ఉంచుతున్నా, ఇనుము కరుగుతూ వెండిని వదిలిస్తుంది, అడుగున నల్లటి మడ్డి దిగుతోంది. ఈ ఊలు స్టెయిన్‌లెస్ గిన్నెల పీచు కాదు, హార్డ్‌వేర్ షాపులో పాలిష్ పనికి అమ్మే మామూలు ఇనుముది, స్టెయిన్‌లెస్ అయితే ఈ పని జరగదు.

ఇంకా మిగిలిన పనులు. చేంజింగ్ బ్యాగ్, అంటే చేతులు దూర్చి చీకట్లో ఫిల్మ్ ఎక్కించే సంచి, దాని లోపలి గుడ్డని తిరగేసి వ్యాక్యూమ్ కొట్టాలి, ఈ ఎండల్లో చేతుల చెమటకి లోపల తేమ పట్టి ఫిల్మ్ రీలు మీద అతుక్కుంటోంది కాబట్టి జూన్‌లో వాన పడేదాకా ఫిల్మ్ ఎక్కించడం రాత్రిపూట బాత్రూమ్‌లోనే. స్టీల్ రీళ్ళని సోడానీళ్ళలో మరిగించా, ప్లాస్టిక్ కాదు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు, అద్దంలా వచ్చాయి, కానీ ఒకదాని తీగ వంగి ఉంది, అలాగే వాడితే ఫిల్మ్ పొరలు ఒకదానికొకటి తగిలి అక్కడ డెవలపర్ వెళ్ళదు. దాని మీద పాడైపోయిన ఫిల్మ్ ఒకటి వెలుతురులో ఎక్కించి చూసి, సరిచెయ్యగలిగితే చేస్తా, లేకపోతే పడేస్తా. సంక్రాంతికి ఊళ్ళో తీసిన 120 సైజు (వెడల్పాటి) ఫిల్మ్ ఫ్రిజ్‌లో ఉంది, దానికి ప్యాటర్సన్ ట్యాంకు అడుగున రాసినట్టు 500 మిల్లీలీటర్లు కావాలి, 35 ఎంఎంకి అయితే 290 చాలు. బ్యాటరీ వాటర్ క్యాన్ అయిపోవచ్చింది, అది తెచ్చాక ఆ ఫిల్మ్ కడుగుతా.